అరవై రోజుల కృప



"ఇంత కష్టం ఎవరి కోసం పడుతున్నాం? నీ కోసమే కదా!" ఈ మాట మీ ఇంట్లో ఎప్పుడైనా వినిపించిందా? మా ఇంట్లో పోయిన వేసవిలో వినిపించింది. అన్నది నేనే. చాండ్లర్‌లో మా ఇంటి వంటగదిలో, తొమ్మిదేళ్ళ మా అమ్మాయితో. లెక్కల వర్క్‌షీట్ సగంలో వదిలేసి ఐప్యాడ్ పట్టుకుంది. ఆ రోజు ఆఫీసులో మా టీములో ఇద్దరిని తీసేశారు, నా మనసు బాగోలేదు. ఆ ఒక్క మాటతో ఆగలేదు. తాతయ్యను, నాయనమ్మను అక్కడ వదిలేసి రావడం, ఎమ్మెస్ కోసం తెచ్చిన అప్పు, పన్నెండేళ్ళుగా వీసా కాగితాల చుట్టూ తిరగడం, అన్నీ వరసపెట్టి చెప్పాను. పిల్ల ఏడవలేదు. కాసేపు ఆలోచించి, "అయితే నేను పుట్టకపోతే మీరు తాతయ్య దగ్గరే ఉండేవాళ్ళా డాడీ?" అంది.

అది ఎదురు సమాధానం కాదు. నేను చెప్పిన అంకెలన్నీ కూడుకుని తను తేల్చుకున్న లెక్క. వర్క్‌షీట్ కంటే ఈ లెక్కే తొందరగా చేసింది.

ఆ రోజు నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. మన త్యాగాలు పిల్లలకు చెప్పడం తప్పా? చెప్పకపోతే వాళ్ళకు కృతజ్ఞత ఎలా తెలుస్తుంది? తల్లిదండ్రులను సన్మానించమన్నది దేవుని ఆజ్ఞే కదా. కానీ చెప్పే తీరులో అది అప్పుగా మారిపోతే? అప్పున్న మనిషి ఏం చేస్తాడో మనకు తెలుసు. అప్పిచ్చినవాడు ఎదురొస్తుంటే పక్క సందులోకి తిరిగిపోతాడు.

మన సహవాసంలో టీనేజ్ పిల్లల క్లాసుకు నేను రెండేళ్ళుగా సహాయం చేస్తున్నాను. వాళ్ళు నాతో చెప్పుకున్నవి ఇక్కడ రాయను, అవి వాళ్ళ సొంతం. ఒక్క సంగతి మాత్రం చెప్తాను. ఏ పిల్లవాడు ఏ కష్టం చెప్పుకోవడం మొదలుపెట్టినా మొదటి మాట ఒకటే: "ప్లీజ్ అంకుల్, మా మమ్మీవాళ్ళకి చెప్పొద్దు." మార్కుల సంగతైనా, వేప్ సంగతైనా, రాత్రిళ్ళు నిద్ర పట్టని సంగతైనా అదే మాట. కొడతారని కాదు, మన తరం వాళ్ళు పెద్దగా కొట్టరు. "పాపం, వాళ్ళు ఇంత చేశారు" అంటారు. ఈ "పాపం" దగ్గరే నాకు భయం.

ఎందుకు భయమో చెప్పాలంటే మనం ఉంటున్న చోటు సంగతి కొంచెం చెప్పుకోవాలి. మెక్సికో సరిహద్దు మనకు కారులో కొన్ని గంటల దూరం. ఎం-30 అని అచ్చు వేసి ఉండే నీలం రంగు నకిలీ మాత్రలు ఆ దారిన వస్తాయి. చూడటానికి మందుల షాపు మాత్రలాగే ఉంటుంది, లోపల ఫెంటనిల్. 2 మిల్లీగ్రాములు, అంటే పెన్సిల్ మొన మీద పట్టేంత, ప్రాణం తీయడానికి చాలు. పట్టుబడిన నకిలీ మాత్రలను డీఈఏ ల్యాబ్ 2023లో పరీక్షిస్తే ప్రతి 10లో 7 మాత్రల్లో ప్రాణాంతకమైన మోతాదు ఉంది. ఇవి కొనడానికి ఏ చీకటి సందుకూ పోనక్కర్లేదు, చేతిలో ఫోను చాలు. పరీక్షల ముందు నిద్ర పట్టని పిల్లవాడికి, "ఇది మామూలు నొప్పి మాత్రేరా" అని స్నేహితుడు ఇస్తే చాలు. వాడు డ్రగ్స్‌కు అలవాటు పడినవాడు కానక్కర్లేదు. ఒక్కసారి చాలు.

రెండోది ఇంకా కష్టమైన సంగతి. అమెరికాలో 15 నుంచి 24 ఏళ్ళ మధ్య ఉన్న ఆసియా సంతతి యువత మరణాలకు మొదటి కారణం ఆత్మహత్య అని 2019 నాటి ప్రభుత్వ లెక్కలు చెప్పాయి. ఇతర కారణాలతో చనిపోయేవారు వీళ్ళలో తక్కువ కావడం కూడా దీనికి ఒక కారణం, కాబట్టి అంకెను ఉన్నదానికంటే పెద్దది చేసి చూడొద్దు. అయినా, మన పిల్లల్ని మననుంచి తీసుకుపోయేవాటిలో ముందు వరసలో ఉన్నది కారు ప్రమాదం కాదు, జబ్బు కాదు, పైకి చెప్పుకోని ఒక బాధ. దీన్ని ఎంత చిన్నగా చూడమంటే అంత చిన్నగా చూడగలమా?

ఇప్పుడు ఒక చట్టం సంగతి చెప్తాను. పాత ప్రశ్నకు నాకు కొంత జవాబు దొరికింది ఇక్కడే. 2018 జనవరిలో అరిజోనా శాసనసభ ప్రత్యేక సమావేశం పెట్టి ఓపియాయిడ్ మందుల మీద ఒక చట్టం చేసింది. అందులో ఒక ఏర్పాటు ఉంది. డ్రగ్స్ ఎక్కువై ఒకడు పడిపోతే, పక్కనున్నవాడు సాయం కోసం ఫోన్ చేస్తే, ఆ ఫోన్ వల్ల అతని దగ్గర దొరికిన డ్రగ్స్ గురించి అతని మీద కేసు పెట్టకూడదు. గుడ్ సమారిటన్ చట్టం అంటారు. మన లూకా సువార్తలోని మంచి సమరయుడి పేరే.

వాళ్ళు ఇలా ఎందుకు చేశారు? డ్రగ్స్ మంచివని కాదు. పడిపోయిన స్నేహితుణ్ణి చూసి భయపడి, "నిద్రపోతే తగ్గుతుందిలే" అని పక్కకు తిప్పి పడుకోబెట్టి, తలుపు వేసుకుని వెళ్ళిపోయిన కుర్రాళ్ళ కథలు విని విని చేశారు. ఊపిరి ఆగిన మనిషికి ఉండేది కొన్ని నిమిషాలే. ఫోన్ రావాలంటే ముందు శిక్ష భయం తీసేయాలి. ముక్కులో కొట్టే నార్కాన్ స్ప్రే 2023 నుంచి డాక్టర్ చీటీ లేకుండా మందుల షాపులో అమ్మడానికి అనుమతించారు, మా కారులో ఒకటి ఉంది, మీరూ ఉంచుకోండి. కానీ అది పని చేయాలన్నా, 911 కు ఫోన్ వెళ్ళాలన్నా, పక్కనున్నవాడు నోరు తెరవాలి. కృప గురించి ఎన్నడూ ప్రసంగం చేయని ఒక ప్రభుత్వానికి ఈ సంగతి అర్థమైంది. ప్రతి ఆదివారం కృప గురించి పాడే మన ఇళ్ళలో ఇలాంటి ఏర్పాటు ఉందా? రాత్రి రెండు గంటలకు మీ అబ్బాయి ఏదో పార్టీలోంచి ఫోన్ చేస్తే, ముందు వాణ్ణి ఇంటికి తెచ్చుకుంటామని, మిగతాది తర్వాత మాట్లాడతామని వాడికి ముందుగా తెలుసా? తెలిసేలా ఎప్పుడైనా చెప్పారా?

"మా అబ్బాయి పార్టీలకు వెళ్ళడు బ్రదర్" అని మీరు అనొచ్చు. నిజమే కావచ్చు. వెళ్ళని పిల్లవాడి గురించి కూడా కాస్సేపట్లో చెప్తాను.

గంజాయి సంగతి వేరు, కానీ చెప్పకుండా వదలలేను. 2020 నవంబర్‌లో ప్రతిపాదన 207 గెలిచాక అరిజోనాలో 21 ఏళ్ళు దాటినవారికి గంజాయి చట్టబద్ధం. దుకాణాలు మన వీధుల్లోనే ఉన్నాయి, చాక్లెట్లలా గమ్మీల్లా అమ్ముతారు. కాలేజీలో అది బీరుతో సమానం. కానీ ఫెడరల్ చట్టం ప్రకారం అది ఇంకా నేరమే, ఇమ్మిగ్రేషన్ చూసేది ఫెడరల్ చట్టాన్నే. సిటిజన్ అయిన రూమ్మేట్‌కు ఏమీ కాని పని, హెచ్-4 మీదో ఎఫ్-1 మీదో ఉన్న మన పిల్లవాడి గ్రీన్ కార్డుకు అడ్డం పడొచ్చు. కేసు లేకపోయినా, వాడానని అధికారి ముందు ఒప్పుకోవడమే చాలు కావచ్చు. ఇంటర్వ్యూకు ముందు లాయర్‌ను అడగండి, అబద్ధం మాత్రం చెప్పొద్దు. నా ఉద్దేశం వేరే. బయట నిజం చెబితే శిక్ష ఉన్న చోట బతికే పిల్లవాడికి, నిజం చెబితే శిక్ష లేని చోటు కనీసం ఒక్కటి ఉండాలి. అది ఇల్లు కాకపోతే ఇంకేది?

వీసా మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. హెచ్-1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే 60 రోజుల వరకు సమయం ఇస్తారు. 2017 నుంచి ఈ నిబంధన ఉంది. దాన్ని "గ్రేస్ పీరియడ్" అంటారు. గ్రేస్, అంటే కృప. క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకునే కృప, 61వ రోజున అయిపోయే కృప. ప్రైస్ రోడ్డు మీద ఆఫీసులకు పోయే మనలో చాలామందికి ఈ అంకె కంఠతా వచ్చు. గ్రీన్ కార్డు వరసలో పదేళ్ళకు పైగా నిలబడినవారి పిల్లలకు ఇంకో అంకె వచ్చు. 21 నిండితే హెచ్-4 పోతుంది, ఆ లోపు అమ్మానాన్నల వరస రావాలి. మూడేళ్ళప్పుడు వచ్చి, ఇక్కడే చదివి, తెలుగు అరకొరగా మాట్లాడే పిల్ల, పుట్టినరోజు దగ్గర పడుతుంటే భయపడుతుంది. మనం ఇలాంటి దేశంలో ఇలాంటి షరతుల మీద బతుకుతున్నాం. షరతులకు అలవాటు పడి, తెలియకుండానే అదే నిబంధన ఇంట్లోకి తెచ్చుకున్నామా అని నా అనుమానం. మంచి మార్కులున్నంత కాలం నువ్వు మా గర్వకారణం. తర్వాత నీకు కొంచెం సమయం.

అలాగని తప్పంతా అమెరికాదే అనను. ఈ అలవాటు మన పెట్టెల్లోనే వచ్చింది. 2019 ఏప్రిల్ మీకు గుర్తుండే ఉంటుంది. తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చాయి. ఫలితాల తయారీలో తప్పులు దొర్లాయి. 99 రావలసిన ఒక అమ్మాయికి సున్నా పడింది. కొన్ని రోజుల్లోనే 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం కమిటీ వేసి, ఫెయిలైన వారందరి పేపర్లు మళ్ళీ చూడమంటే, వెయ్యి మందికి పైగా పాసయ్యారని తేలింది. నేను సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాణ్ణి. డేటా ఎలా తప్పిపోతుందో, ఒక కాలమ్ ఎలా పక్కకు జరుగుతుందో నాకు తెలుసు, అలాంటి తప్పులు నేనూ చేశాను. నా తప్పులకు ఒక రిపోర్టు పాడైంది, రాత్రి కూర్చుని సరిచేశాను. అందుకే ఆ వార్త చదివినప్పుడు నాకు అన్నం దిగలేదు. తప్పు మార్కులకు పిల్లలు చనిపోయారని అందరూ అన్నారు. నిజమైన మార్కులైతే మాత్రం చనిపోవచ్చా? పేపరు మళ్ళీ చూసినా ఫెయిలే అని తేలిన పిల్లవాడి ప్రాణం విలువ తక్కువా? మనం కంప్యూటర్‌ను తిట్టినంత సేపు ఈ ప్రశ్న అడుక్కోలేదు.

దాచడం పిల్లలే చేస్తారని కూడా అనుకోవద్దు. నాన్నలు అంతకంటే బాగా దాస్తారు. షుగర్ వచ్చిందని ఇండియాలో అమ్మకు చెప్పరు, ఉద్యోగం ఊగుతోందని ఇంట్లో చెప్పరు, ఛాతీలో పట్టేసినట్టుంటే గ్యాస్ అంటారు. మసాలా అనే పరిశోధన ఒకటి ఉంది, నిజంగానే దాని పేరు అదే. 2010లో శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా, చికాగోలలో దక్షిణాసియా వారి గుండె జబ్బుల మీద మొదలైంది. పోల్చి చూసిన మిగతా జాతుల కంటే మనవాళ్ళలో షుగర్ ఎక్కువని అది చూపింది. అందరికీ బీఎంఐ 25 దాటితే షుగర్ పరీక్ష అంటే, ఆసియా వారికి 23 నుంచే చేయమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో చెప్పింది. సన్నగా ఉన్నాం కదా అని కూర్చోవద్దు. పైగా మన ఊళ్ళో వేసవి నాలుగు నెలలు నడవడానికి లేదు. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 110 డిగ్రీలు దాటింది. పెద్దలు, పిల్లలు, అందరం ఏసీలో, తలో గదిలో, తలో స్క్రీన్ ముందు. నొప్పిని మింగేసే నాన్నను చూసి పెరిగిన కొడుకు, తన నొప్పి వచ్చి చెప్పుకుంటాడని ఎలా అనుకుంటాం?

వెళ్ళని పిల్లవాడి గురించి చెప్తానన్నాను. లూకా 15వ అధ్యాయం మనకు బాగా తెలుసు. మనం ఎప్పుడూ చిన్నకొడుకు గురించే ప్రసంగాలు వింటాం. వాడు పందుల దగ్గర కూర్చుని తండ్రికి చెప్పాల్సిన మాటలు ముందే సిద్ధం చేసుకుంటాడు. చివరి మాట, నన్ను కూలివాళ్ళలో ఒకడిగా పెట్టుకో అని. అంటే అప్పు పని చేసి తీర్చుకుంటానని. తండ్రి ముందు నిలబడినప్పుడు ఆ చివరి మాట అనే అవకాశమే రాదు. తండ్రి పనివాళ్ళను పిలిచి వస్త్రం తెమ్మంటాడు. బాగానే ఉంది. కానీ పెద్దకొడుకును చూడండి. ఎన్నడూ ఇల్లు వదలలేదు, మాట జవదాటలేదు. తీరా నోరు తెరిస్తే ఏం వస్తుంది? ఇన్నేళ్ళు సేవ చేశానని, ఒక మేకపిల్లైనా ఇవ్వలేదని. సంవత్సరాలు, మేకపిల్ల, అన్నీ లెక్క రాసుకున్నాడు. చిన్నవాడు కూలివాడు కావాలనుకున్నాడు. పెద్దవాడు తండ్రి ఇంట్లోనే కూలివాడిలా బతికాడు, ఎవరూ గమనించలేదు.

మన ఇళ్ళలో ఎక్కువమంది పెద్దకొడుకులే. హామిల్టన్‌లో చదివినా, బేసిస్‌లో చదివినా, ఏపీ క్లాసులు తీసుకుని, ఆదివారం కీబోర్డు వాయించి, ఎవరినీ ఇబ్బంది పెట్టని పిల్లలు. "మా వాడితో మాకు ఏ బాధా లేదు" అంటాం. ఆ పిల్లవాడు చాలాకాలంగా నిద్రపోవడం లేదేమో. లోపల లెక్క రాసుకుంటున్నాడేమో. పొలం నుంచి వచ్చి గుమ్మం బయటే ఆగిపోయిన ఆ పెద్దకొడుకు దగ్గరికి తండ్రి తానే బయటికి వెళ్ళి బతిమాలాడు. చిన్నవాడి కోసం పరుగెత్తినట్టే, పెద్దవాడి కోసం విందు వదిలి వెళ్ళాడు. మన పరువు లెక్కలో ఇది సాధారణంగా తోచదు. తప్పు చేసినవాడి దగ్గరికి వెళ్తాం, అదీ తిట్టడానికి. బాగున్నవాడి దగ్గరికి వెళ్ళనే వెళ్ళం.

ఇక్కడ పెద్దలు ఒక మాట అంటారు, అందులో బలం ఉంది. "భయం లేకపోతే పిల్లలు చెడిపోతారయ్యా. మేం భయంతోనే బాగుపడ్డాం." భయం చాలా తప్పులను ఆపుతుంది, నన్నూ ఆపింది. నేను భయం వద్దనడం లేదు, తప్పును తప్పు అనొద్దనడం లేదు. అలసిపోయినవాణ్ణి, నేను కూడా శిక్షలు వేస్తాను. నేను అడిగేది వరస గురించి. చిన్న తప్పును ఆపిన భయమే పెద్ద ప్రమాదంలో నోరు కట్టేస్తుంది. ఏది చిన్నది, ఏది పెద్దది అని ఆ రాత్రి తేల్చుకోవలసింది పదహారేళ్ళ పిల్లవాడు, మనం కాదు. వాడు ఒకవైపు పొరపాటు పడాల్సి వస్తే మన వైపే పడాలి.

సంఘంగా మన సంగతి కూడా చూసుకోవాలి. "ఒక కుటుంబం కోసం ప్రార్థించండి, పేరు వద్దు" అంటాం. భోజనాల వేళకు పేరు అందరికీ తెలుస్తుంది. నేను కూడా విన్నాను, "ఎవరు?" అని అడిగాను, సిగ్గుతో ఒప్పుకుంటున్నాను. మన చెవులు ఇలా ఉన్నంత కాలం ఏ తల్లీ తన కొడుకు పేరు చెప్పదు. ఇంకొందరు కుంగుబాటుకు మందులెందుకు, విశ్వాసం చాలదా అంటారు. ఏలీయా బదరీవృక్షం కింద చనిపోవాలని కోరుకున్నప్పుడు దేవుడు ఉపదేశం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్ళు పంపాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు, మళ్ళీ తినిపించాడు. మాటలు ఆ తర్వాత ఎప్పుడో.

పిల్లల ఏటేటి చెకప్‌లో డాక్టర్ మనల్ని కాసేపు బయట కూర్చోమంటే చిన్నబుచ్చుకోవద్దు. 12 నుంచి 18 ఏళ్ళ పిల్లలందరినీ కుంగుబాటు గురించి అడిగి చూడమని 2022లో ఇక్కడి ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ సిఫారసు చేసింది. ఇంటికి వచ్చే దారిలో "ఏం అడిగారు? ఏం చెప్పావు?" అని విచారణ పెట్టొద్దు. 988 కు ఎవరైనా, ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. అరిజోనాలో టీన్ లైఫ్‌లైన్ ఉంది, 602-248-8336. అక్కడ తోటి టీనేజ్ పిల్లలే శిక్షణ తీసుకుని మాట్లాడతారు. ఈ నంబర్లు మీ పిల్లల ఫోనులోనే కాదు, మీ ఫోనులో కూడా పెట్టుకోండి. మీరు పెట్టుకున్నారని వాళ్ళకు తెలియనివ్వండి.

మా అమ్మాయి ప్రశ్నకు ఆ రోజు నేను జవాబు చెప్పలేదు, "చదువుకో" అన్నాను. వారం తర్వాత ఒక రాత్రి గిన్నెలు కడుగుతూ ఆలోచిస్తే, నేను చెప్పింది అసలు నిజమే కాదని తట్టింది. నేను అమెరికా వచ్చేనాటికి నాకు పెళ్ళే కాలేదు. ఆ అప్పు చేసింది నా చదువుకు. వీసా వరసలో నిలబడింది నా ఉద్యోగానికి. తను పుట్టింది ఆ తర్వాత. ఇంత సాదా సంగతి, తారీఖులు చూస్తే తెలిసేది, నాకెప్పుడూ తోచలేదు.

మరునాడు తనను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. "నేను వచ్చింది నీ కోసం కాదమ్మా, నా కోసమే వచ్చాను. నాకు కంప్యూటర్లంటే ఇష్టం, డబ్బు కూడా కావాలి. నువ్వు తర్వాత వచ్చావు. నువ్వు రావడం నాకు చాలా నచ్చింది."

తను కాసేపు నా వైపు చూసి, "ఆ అప్పు అయిపోయిందా?" అని అడిగింది.

"ఎప్పుడో అయిపోయింది" అన్నాను.

"ఓకే" అని ఐప్యాడ్ అడిగింది. వర్క్‌షీట్ అయ్యాక ఇస్తానన్నాను.